పీఎస్‌ఐ, కేజీ, బార్, పాస్కల్: ప్రెషర్ యూనిట్లు తప్పు పోకుండా మార్చుకోవడం ఎలా

హన్మకొండలో ఏ పంక్చర్ షాపుకైనా వెళ్లి "2.3 కొట్టు తమ్మీ" అంటే ఆ పిల్లగాడు ఒక్క క్షణం ఆగుతాడు. "ఎన్ని పాయింట్లన్నా?" అని అడుగుతాడు. కారు డోరు పక్క స్టిక్కర్ మీద ఉన్నది బార్. అతని చేతిలో గేజ్ చూపించేది పీఎస్‌ఐ. ఇద్దరూ తప్పు మాట్లాడలేదు. మధ్యలో లెక్క ఒకటి ఉండిపోయింది, అంతే.

నేను ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌ని. రామగుండం వైపు ప్లాంట్లలో, పెద్దపల్లి, కరీంనగర్ జిల్లాల రైస్ మిల్లుల్లో గేజ్‌లు విప్పడం, సరిచూడటం, మళ్లీ బిగించడం నా పని. "ఇన్ని కేజీలంటే ఎన్ని పీఎస్‌ఐ?" అని ఫోన్లు వస్తూనే ఉంటాయి. అంకె చెప్పడం అర నిమిషం పని. కానీ నేను చూసిన తప్పుల్లో గుణకారం దగ్గర జరిగినవి చాలా తక్కువ. ఆ అంకె ఏ యూనిట్‌ది, దాన్ని ఎక్కడి నుంచి కొలిచారు అనేది చూసుకోకపోవడం వల్లే దాదాపు అన్నీ జరిగాయి. అందుకే ఈ మార్గదర్శిలో సగం భాగం కాలిక్యులేటర్ ముట్టుకునే ముందు చేయాల్సిన పని గురించే.

## 1. ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- గేజ్ లేదా మెషీన్ డయల్‌ను దగ్గరగా తీసిన ఫోటో. యూనిట్ అక్షరాలు స్పష్టంగా కనపడాలి.
- మెషీన్ నేమ్‌ప్లేట్ ఫోటో, లేదంటే మాన్యువల్‌లో ప్రెషర్ గురించి రాసిన పేజీ.
- ఫోన్‌లో కాలిక్యులేటర్.
- కాగితం, పెన్ను. లెక్క నోటితో చెప్పొద్దు, రాయండి. రాసిన లెక్కలో తప్పును రెండో మనిషి పట్టుకోగలడు.

ఫోటో ఎందుకంటే, ఫోన్లో "ముల్లు 7 దగ్గర ఉంది" అని చెప్పేవాళ్లే ఎక్కువ. 7 బారా, 7 కేజీయా, లేక రెండు వరుసల అంకెలున్న డయల్‌లో లోపలి వరుసా? డయల్ చూడకుండా ఎవరూ చెప్పలేరు.

## 2. యూనిట్‌ను గుర్తుపట్టండి

మన దగ్గర ఒక్కో పనిలో ఒక్కో యూనిట్ నడుస్తోంది. మీ పని ఏ గుంపులో ఉందో చూసుకుంటే సగం అయోమయం పోతుంది.

పీఎస్‌ఐ: టైర్లు, గాలి కంప్రెసర్లు. జనం నోట్లో ఇది "పాయింట్లు" లేదా "పౌండ్లు". చదరపు అంగుళం మీద ఎన్ని పౌండ్ల బలం అనేది దీని అర్థం.

కేజీ/సెం.మీ²: బాయిలర్లు, డ్రిప్పు, స్ప్రేయర్లు, కుక్కర్లు, రైల్వే బ్రేకులు. వాడుకలో "కేజీ ప్రెషర్", పవర్ ప్లాంట్లలో "కేఎస్‌సీ". కాజీపేట మీదుగా పోయే రైళ్లలో బ్రేక్ పైపులో ఉండే గాలి 5 కేజీ. ఇక్కడ కేజీ అంటే బరువు తాలూకు బలం. ఒక చదరపు సెంటీమీటర్ మీద ఒక కిలో బరువు పెట్టినట్టు.

బార్, మిల్లీబార్: కొత్త కార్ల స్టిక్కర్లు, గీజర్లు, దిగుమతి మెషీన్లు.

పాస్కల్ కుటుంబం: కేపీఏ అంటే 1000 పాస్కల్స్, ఎంపీఏ అంటే 10 లక్షల పాస్కల్స్, హెచ్‌పీఏ అంటే 100 పాస్కల్స్. వాతావరణ వార్తల్లో హెచ్‌పీఏ, వాషింగ్ మెషీన్ల మీద ఎంపీఏ, బైక్ మాన్యువల్‌లో కేపీఏ.

మిల్లీమీటర్ల పాదరసం: బీపీ మెషీన్, ఆస్పత్రి సక్షన్ మెషీన్.

నీటి ఎత్తు: మోటార్లు, ట్యాంకులు. మీటర్లలో గానీ అడుగుల్లో గానీ చెప్తారు. బాయిలర్ పొయ్యి డ్రాఫ్ట్ (పొయ్యిలోకి గాలిని లాగే ఒత్తిడి) లాంటి చిన్న ఒత్తిడికి మిల్లీమీటర్ల నీటిలో.

రెండు వరుసల డయల్ ఉంటే ఒక చిన్న పరీక్ష చేయండి. రెండు వరుసల్లో ఒకే గీతకు ఎదురుగా ఉన్న అంకెలు తీసుకుని పెద్దదాన్ని చిన్నదానితో భాగించండి. 14.2 చుట్టూ వస్తే ఆ జత కేజీ, పీఎస్‌ఐ. 14.5 చుట్టూ వస్తే బార్, పీఎస్‌ఐ. సరిగ్గా 100 వస్తే బార్, కేపీఏ. అక్షరాలు చెరిగిపోయిన పాత గేజ్‌ల మీద నాకు చాలాసార్లు పనికొచ్చిన ఉపాయం ఇది. డయల్ చివరి అంకెల దగ్గర చేస్తే తేడా బాగా తెలుస్తుంది.

## 3. గేజ్ ప్రెషరా, అబ్సల్యూటా? ఇది తేల్చకుండా ముందుకెళ్లొద్దు

ఈ అడుగు దగ్గర కాస్త ఆగుదాం. ఎక్కువమంది దాటేసేది దీన్నే.

మన చుట్టూ ఉన్న గాలి ఎప్పుడూ మన మీద ఒత్తిడి పెడుతూనే ఉంటుంది. టైరు పంక్చరై పూర్తిగా దిగిపోయినా లోపల బయట ఉన్నంత గాలి ఒత్తిడి ఉంటుంది. గేజ్ మాత్రం సున్నా చూపిస్తుంది. అంటే మామూలు గేజ్ బయటి గాలి కంటే ఎంత ఎక్కువో చెప్తుంది. అది గేజ్ ప్రెషర్. అసలు ఏమీ లేని శూన్యం నుంచి కొలిస్తే అది అబ్సల్యూట్.

అబ్సల్యూట్ = గేజ్ + మీ ఊరి గాలి ఒత్తిడి

ఇక్కడ "మీ ఊరి" అన్న మాట ముఖ్యం. సముద్ర మట్టం దగ్గర ప్రామాణిక గాలి ఒత్తిడి 101.325 కేపీఏ. వరంగల్ సముద్ర మట్టానికి సుమారు 270 మీటర్ల ఎత్తున ఉంది. అందుకే మన దగ్గర గాలి ఒత్తిడి సుమారు 98 కేపీఏ. కాలాన్ని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. ఇదే 980 హెచ్‌పీఏ, 735 మిల్లీమీటర్ల పాదరసం, 14.2 పీఎస్‌ఐ.

ఫోన్‌లో బారోమీటర్ ఉన్నవాళ్లు "సెన్సర్ 978 చూపిస్తోంది, వాతావరణం యాప్‌లో 1008 ఉంది, సెన్సర్ పాడైందా?" అని అడుగుతుంటారు. పాడవలేదు. సెన్సర్ చెప్పేది మీరు నిల్చున్న చోట ఉన్న ఒత్తిడి. యాప్ చెప్పేది దాన్ని సముద్ర మట్టానికి సరిచేసిన అంకె. మన లెక్కలకు సెన్సర్ చెప్పిందే కావాలి.

అబ్సల్యూట్ ఎక్కడ అవసరం పడుతుందో వంటింట్లోనే చూడొచ్చు. ప్రెషర్ కుక్కర్ 1 కేజీ ఒత్తిడి దగ్గర పనిచేస్తుంది. అది గేజ్ ప్రెషర్, అంటే 98 కేపీఏ. స్టీమ్ టేబుల్‌లో (ఏ ఒత్తిడి దగ్గర నీళ్లు ఎన్ని డిగ్రీలకు మరుగుతాయో చెప్పే పట్టిక) నేరుగా 98 దగ్గర చూస్తే నీళ్లు మరిగేది 99 డిగ్రీల దగ్గర అని ఉంటుంది. మూత లేని గిన్నెలోనూ అంతే కదా, మరి కుక్కర్‌లో పప్పు అంత త్వరగా ఎలా ఉడుకుతుంది? ఎందుకంటే స్టీమ్ టేబుల్ అబ్సల్యూట్‌లో ఉంటుంది. బయటి గాలి 98 కలిపి 196 దగ్గర చూడండి, దాదాపు 120 డిగ్రీలు వస్తుంది. బాయిలర్ ఆపరేటర్ పరీక్షకు చదివే పిల్లలు ఎక్కువగా మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే.

ఎప్పుడు కలపాలి, ఎప్పుడు కలపకూడదు:

- గేజ్ అంకెను ఇంకో యూనిట్‌లో గేజ్ అంకెగా మార్చేటప్పుడు ఏమీ కలపొద్దు. గుణించడం, భాగించడం, అంతే.
- స్టీమ్ టేబుల్, గాలి వేడెక్కినప్పటి లెక్క, వాక్యూమ్ లోతు: వీటికి అబ్సల్యూట్ కావాలి.
- రెండు చోట్ల ప్రెషర్ల మధ్య తేడాను మార్చేటప్పుడు ఎప్పుడూ కలపొద్దు.

యూనిట్ చివర "ఏ" అని ఉంటే అబ్సల్యూట్, "జీ" అని ఉంటే గేజ్. ఏ అక్షరమూ లేకపోతే, టైరు, బాయిలర్, మోటరు లాంటి వాటికి గేజ్ అనే అనుకోవచ్చు. కేపీఏ చివర ఉన్న ఏ మాత్రం అబ్సల్యూట్ కాదు, అది పాస్కల్ పేరులోదే.

## 4. ముందు అరచేతి లెక్క

కాలిక్యులేటర్ తీయకముందే జవాబు సుమారుగా ఎంత రావాలో తెలిసి ఉండాలి. దానికి ఈ ఒక్క వరుస చాలు:

1 బార్ ≈ 1 కేజీ ≈ 100 కేపీఏ ≈ 0.1 ఎంపీఏ ≈ 14.5 పీఎస్‌ఐ ≈ 750 మి.మీ. పాదరసం ≈ 10 మీటర్ల నీరు

బార్, కేజీ దాదాపు ఒకటే. పీఎస్‌ఐలో అంకె వాటికి పదిహేను రెట్ల కంటే కొంచెం తక్కువ. పది మీటర్ల నీళ్లంటే ఒక కేజీ. ఈ మూడు గుర్తుంటే చాలు.

ఈ అంచనాను కాగితం మీద పై మూలన రాసి పెట్టుకోండి. అసలు జవాబు దానికి దగ్గరగా రాకపోతే ఎక్కడో దశాంశ పాయింట్ పక్కకు జరిగిందని అర్థం.

నేను పనిలో చేరిన కొత్తలో ఒక మిల్లులో కంప్రెసర్‌కు కొత్త ప్రెషర్ స్విచ్ పెట్టాల్సి వచ్చింది. 7 కేజీల దగ్గర ఆగాలి. కొత్త స్విచ్ స్కేలు ఎంపీఏలో ఉంది. నేను 0.07 దగ్గర పెట్టాను. మెషీన్ మొదలైన కాసేపటికే ఆగిపోతోంది, లైన్లో గాలి రావట్లేదు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా సబ్బు నీళ్లు పూసుకుంటూ లీకేజీ కోసం పైపులన్నీ వెతికాం. చివరికి మా సీనియర్ వచ్చి స్కేలు మీద వేలు పెట్టి, "ఒక ఎంపీఏ అంటే పది కేజీలు, మరి ఏడు కేజీలు ఎక్కడుండాలి?" అన్నాడు. 0.7. ఆ రోజు నుంచి అంచనా రాయకుండా నేను ఏ స్క్రూనూ తిప్పలేదు.

## 5. అన్నిటినీ కేపీఏ మీదుగా మార్చండి

పది యూనిట్లుంటే వాటి మధ్య తొంభై రకాల మార్పులు ఉంటాయి. అన్నీ బట్టీ పట్టడం ఎవరివల్లా కాదు. ఒకే వంతెన పెట్టుకోండి: మీ దగ్గరున్న యూనిట్ నుంచి కేపీఏకు, అక్కడి నుంచి కావాల్సిన యూనిట్‌కు.

ఒక్కోదానికి ఎన్ని కేపీఏ:

- 1 బార్ = 100
- 1 ఎంపీఏ = 1000
- 1 హెచ్‌పీఏ = 1 మిల్లీబార్ = 0.1
- 1 కేజీ/సెం.మీ² = 98.0665
- 1 పీఎస్‌ఐ = 6.89476
- 1 అట్మాస్ఫియర్ = 101.325
- 1 మి.మీ. పాదరసం = 0.133322
- 1 మీటరు నీరు = 9.80665
- 1 అడుగు నీరు = 2.989
- 1 మి.మీ. నీరు = 0.00980665

పద్ధతి:

1. ఉన్న అంకెను దాని కేపీఏ విలువతో గుణించండి. ఇప్పుడు కేపీఏ వచ్చింది.
2. వచ్చినదాన్ని కావాల్సిన యూనిట్ కేపీఏ విలువతో భాగించండి.
3. అరచేతి లెక్కతో పోల్చండి.
4. వచ్చిన జవాబును వెనక్కి మార్చి చూడండి. మొదటి అంకె రావాలి.

గుణించడమా, భాగించడమా అన్న తికమకలో పడితే ఒకటి గుర్తుపెట్టుకోండి. యూనిట్ చిన్నదైతే అంకె పెద్దదవుతుంది. పీఎస్‌ఐ చిన్న యూనిట్, బార్ పెద్ద యూనిట్. కాబట్టి బార్ నుంచి పీఎస్‌ఐకి పోతే అంకె పెరగాలి. నూరు రూపాయలను పది రూపాయల నోట్లుగా మార్చినా, ఐదు రూపాయల బిళ్లలుగా మార్చినా డబ్బు అదే కదా.

ఎక్సెల్‌లో చేసేవాళ్లకు: దాని కన్వర్ట్ ఫార్ములాలో కేజీ/సెం.మీ² లేదు. పై పట్టికను ఒక వరుసలో టైప్ చేసుకుని, గుణించి భాగించే ఫార్ములా మీరే రాసుకోవడం మేలు.

## 6. చేసి చూద్దాం

### కారు టైరు: 2.3 బార్ నుంచి పీఎస్‌ఐకి

అంచనా: 2.3 × 14.5, అంటే 33 చుట్టూ.
లెక్క: 2.3 × 100 = 230 కేపీఏ. 230 ÷ 6.89476 = 33.4.
షాపులో చెప్పాల్సింది: "33 కొట్టు".

బైక్ మాన్యువల్‌లో వెనక టైరుకు 225 కేపీఏ అని ఉంటే 225 ÷ 6.89476 = 32.6, అంటే 33.

ఇంట్లో చిన్న డిజిటల్ ఇన్‌ఫ్లేటర్ వాడేవాళ్లు అంకె పెట్టేముందు యూనిట్ బటన్ చూసుకోండి. అందులో కేపీఏ పెట్టి ఉండగా 33 అని సెట్ చేస్తే అది 5 పీఎస్‌ఐ కూడా కాదు. మెషీన్ ఇలా ఆన్ అయి అలా ఆగిపోతుంది, "పాడైంది" అనుకుని పక్కన పడేస్తాం.

### రైస్ మిల్లు బాయిలర్: 10.54 కేజీ

ఉప్పుడు బియ్యం మిల్లుల్లో చాలా బాయిలర్ల ప్లేట్ మీద 10.54 కేజీ/సెం.మీ² అని ఉంటుంది. ఇంత వింత అంకె ఎందుకని అడిగినవాళ్లు చాలామంది. మార్చి చూడండి: 10.54 × 98.0665 = 1033.6 కేపీఏ. ÷ 6.89476 = 149.9. అంటే 150 పీఎస్‌ఐ. ఆ రౌండ్ అంకెనే కేజీల్లోకి మార్చి రాశారు.

అసలు చెప్పాల్సింది వేరే ఉంది. ఒకచోట పాత గేజ్ పోతే కొత్తది తెచ్చి బిగించారు. పాతది కేజీ స్కేలు, కొత్తది బార్ స్కేలు. దాటకూడని హద్దు చూపే ఎర్ర గీత మాత్రం అదే 10.54 దగ్గర పెట్టారు. బార్‌కు, కేజీకి తేడా రెండు శాతమే కదా అనిపిస్తుంది. కానీ 10.54 బార్ అంటే 10.75 కేజీ. గీత హద్దు దాటి పడింది. సరైన గీత 1033.6 ÷ 100 = 10.34, అంటే బార్ స్కేలు మీద 10.3 దగ్గర ఉండాలి.

బండి టైరుకు కేజీ, బార్ ఒకటే అనుకుంటే నష్టం లేదు. బాయిలర్ హద్దు దగ్గర అలా అనుకోవద్దు. సేఫ్టీ వాల్వ్ సెట్టింగ్‌ను మాత్రం లెక్క వచ్చు కదా అని మీరు ముట్టుకోకండి. అది అర్హత ఉన్నవాళ్ల పని.

### పై అంతస్తులో వాషింగ్ మెషీన్

మాన్యువల్‌లో "కనీస నీటి ఒత్తిడి 0.05 ఎంపీఏ" అని ఉందనుకుందాం. 0.05 × 1000 = 50 కేపీఏ. 50 ÷ 9.80665 = 5.1 మీటర్లు. అంటే ట్యాంకులో నీటి మట్టం మెషీన్ కుళాయి కంటే కనీసం 5.1 మీటర్లు పైన ఉండాలి.

రెండంతస్తుల ఇంట్లో, పై అంతస్తులో మెషీన్ పెట్టి, దాని నెత్తి మీదే ట్యాంకు ఉంటే ఎత్తు రెండు మూడు మీటర్లకు మించదు. రెండు మీటర్లయితే 0.02 ఎంపీఏ కూడా రాదు. మెషీన్ నీళ్లు నింపుకోలేక ఎర్రర్ చూపిస్తుంది. మెకానిక్ వచ్చి వాల్వ్ మార్చినా అదే తంతు. అదే మెషీన్‌ను కింది అంతస్తులో పెడితే చక్కగా పనిచేస్తుంది. లేదంటే చిన్న ప్రెషర్ పంపు పెట్టుకోవాలి. ఈ లెక్క మెషీన్ కొనకముందే చేసుకోండి.

### బోరు మోటరు, డ్రిప్పు

పర్కాల వైపు మిర్చి, పత్తి వేసే రైతులు అడిగే ప్రశ్న: డ్రిప్పుకు 1.5 కేజీ కావాలంటున్నారు, మోటరు హెడ్డు (నీళ్లను ఎంత ఎత్తుకు నెట్టగలదో) మీటర్లలో ఉంది, ఎలా కలపాలి?

కేజీని ముందు మీటర్లలోకి మార్చాలి: 1.5 × 98.0665 ÷ 9.80665 = 15 మీటర్లు. మోటరు నడుస్తున్నప్పుడు బోరులో నీళ్లు 180 అడుగుల దగ్గర నిలిచాయనుకుందాం. 180 × 0.3048 = 55 మీటర్లు. రెండూ కలిపితే 70 మీటర్లు. పైపులో రాపిడికి పోయేది ఇంకా దీని మీద కలపాలి. అది పైపు సైజు, పొడవును బట్టి ఉంటుంది.

మోటరు దించిన లోతును లెక్కలోకి తీసుకోవద్దు. మోటరు 300 అడుగుల్లో ఉన్నా నీటి మట్టం 180లో ఉంటే ఎత్తాల్సింది 180 అడుగులే.

డ్రిప్పు ఫిల్టర్‌కు ముందు గేజ్ 1.8, తర్వాత గేజ్ 1.2 చూపిస్తే తేడా 0.6 కేజీ. సాధారణంగా తేడా 0.5 దాటితే ఫిల్టర్ కడగాలి. గేజ్‌లు బార్‌లో ఉన్నా ఇక్కడ పెద్ద తేడా రాదు. ఒక గేజ్ బార్, ఇంకోటి పీఎస్‌ఐ ఉంటే మాత్రం ముందు రెంటినీ ఒకే యూనిట్‌లోకి తెచ్చి, ఆ తర్వాత తీసివేయండి.

### బీపీ

ఒకరోజు రాత్రి మా చిన్నమ్మ ఇంటి నుంచి ఫోన్. "బీపీ పదహారుకు పడిపోయింది, ఎంజీఎం ఆస్పత్రికి తీసుకుపోవాల్నా?" అని ఏడుపు గొంతు. చిన్నమ్మ ఎట్లుంది అంటే మంచం మీద కూచొని టీవీ చూస్తోందన్నారు. మెషీన్ ఫోటో పంపమన్నాను. తెర మీద 16.8, కింద 11.1. పక్కన చిన్న అక్షరాల్లో కేపీఏ. పిల్లలెవరో బటన్లు నొక్కితే యూనిట్ మారింది.

16.8 ÷ 0.133322 = 126. 11.1 ÷ 0.133322 = 83. మామూలు బీపీనే.

బీపీ మెషీన్‌లో పాయింట్ కనపడిందంటే అది కేపీఏ. ఏడున్నరతో గుణిస్తే మనకు అలవాటైన అంకె వస్తుంది. కానీ మనిషి నలతగా ఉంటే లెక్కలు పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

### ఇంట్లో ఆక్సిజన్ సిలిండర్

సిలిండర్ మీద రాసిన నీటి సామర్థ్యం 10 లీటర్లు, గేజ్ 1500 పీఎస్‌ఐ చూపిస్తోంది. ఎంతసేపు వస్తుంది?

1500 × 6.89476 = 10342 కేపీఏ, అంటే 103 బార్. బార్‌ను లీటర్లతో గుణిస్తే సుమారు 1030 లీటర్ల వాయువు. నిమిషానికి 2 లీటర్లు పోతుంటే 515 నిమిషాలు, ఎనిమిదిన్నర గంటలు. పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఆగకూడదు కాబట్టి ఐదో వంతు తీసేసి, ఆరున్నర గంటలే అనుకుని రెండోది తెప్పించి పెట్టుకోండి. గేజ్ మీద కేజీ ఉంటే 100 కేజీ అంటే 98 బార్.

## 7. వాక్యూమ్ గేజ్ చదవడం

వాక్యూమ్ గేజ్ బయటి గాలి కంటే ఎంత తక్కువో చెప్తుంది. సక్షన్ మెషీన్ ముల్లు 450 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే లోపల ఉన్న అబ్సల్యూట్ ప్రెషర్ 735 − 450 = 285 మిల్లీమీటర్లు. కేపీఏలో 38.

డయల్ 760 దాకా ఉంటుంది. "మా పంపు 730 దాటట్లేదు" అని ఫిర్యాదు వస్తే నేను ముందు అడిగేది ఏ ఊరు అని. వరంగల్‌లో గాలి ఒత్తిడే 735 దగ్గర ఉన్నప్పుడు 760 వాక్యూమ్ ఎవరూ ఇవ్వలేరు.

బావి గట్టు మీద పెట్టిన మోటరు కథా ఇదే. అది నీళ్లను లాగదు, బయటి గాలి వాటిని పైకి నెడుతుంది. 98 ÷ 9.80665 = 10 మీటర్లు. లెక్క ప్రకారం హద్దు అది. పైపు నష్టాలు పోను ఏడు మీటర్లు దాటితే నమ్మకం లేదు. మోటరు హార్స్‌పవర్ పెంచినా లాభం లేదు, దాన్ని కిందికి దించాలి.

## 8. ఎండకు పెరిగే టైరు ప్రెషర్

పొద్దున 27 డిగ్రీలప్పుడు 33 పీఎస్‌ఐ కొట్టించారు. మే నెల ఎండలో మంచిర్యాల దాకా పోయాక టైరు లోపలి గాలి 57 డిగ్రీలైంది. ఎంత చూపిస్తుంది?

1. అబ్సల్యూట్ చేయండి: 33 + 14.2 = 47.2.
2. డిగ్రీలకు 273 కలపండి (వేడిని కూడా దాని అసలు సున్నా నుంచి కొలవాలి కాబట్టి): 300, 330. అంటే పదో వంతు పెరిగింది.
3. 47.2 × 1.1 = 51.9.
4. మళ్లీ గేజ్‌లోకి: 51.9 − 14.2 = 37.7 పీఎస్‌ఐ.

మొదటి అడుగు మరిచి 33 × 1.1 చేస్తే 36.3 వస్తుంది, తప్పు. ఇంకో మాట: 38 చూపించిందని దారిలో గాలి తీయకండి. స్టిక్కర్ మీద అంకె చల్లటి టైరుకు ఇచ్చింది. తీసేస్తే తెల్లారేసరికి తక్కువ గాలితో నడుపుతారు.

## 9. దశాంశాలు ఎన్ని ఉంచాలి

గేజ్ మీద గీతకు గీతకు మధ్య 1 పీఎస్‌ఐ ఉంటే 33.36 అని రాయడం వృథా. గేజ్ ఎంత చూపగలదో అంతవరకే రాయండి. మధ్యలో లెక్క మాత్రం పూర్తి అంకెలతో చేసి, చివరి జవాబును మాత్రమే రౌండ్ చేయండి.

ఏ వైపు రౌండ్ చేయాలన్నది పనిని బట్టి ఉంటుంది. దాటకూడని హద్దయితే కిందికి: 10.34 బార్‌ను 10.3 చేయండి. కనీసం ఇంత ఉండాలన్నదైతే పైకి: 5.1 మీటర్లను 5.5 అనుకోండి.

## 10. తరచూ జరిగే తప్పులు, దిద్దుబాటు

ఎంపీఏలో పాయింట్ జరగడం. 1 ఎంపీఏ = 10 బార్ అని డయల్ పక్కన రాసి పెట్టుకోండి.

బార్ బదులు మిల్లీబార్. వంట గ్యాస్ రెగ్యులేటర్ నుంచి స్టవ్‌కు వచ్చేది 30 మిల్లీబార్ చుట్టూ, అంటే 30 సెంటీమీటర్ల నీరు. అర పీఎస్‌ఐ కూడా లేదు. దీన్ని కొలవడానికి 10 బార్ గేజ్ తగిలిస్తే ముల్లు కదలదు, గ్యాస్ రావట్లేదనుకుంటాం.

పాదరసం మిల్లీమీటర్లు, నీటి మిల్లీమీటర్లు కలిపేయడం. రెంటికీ 13.6 రెట్ల తేడా. మిల్లీమీటర్ అని మాత్రమే రాసి ఉంటే దేనిదో అడగండి.

హెచ్‌పీఏను కేపీఏ అనుకోవడం. వాతావరణం అంకె మూడు, నాలుగు అంకెల్లో ఉంటే హెచ్‌పీఏ. పదితో భాగిస్తే కేపీఏ.

సున్నా దగ్గర నిలవని ముల్లు. పైపు విప్పాక కూడా ముల్లు 0.3 దగ్గరే ఉంటే యూనిట్ ఎంత సరిగ్గా మార్చినా జవాబు తప్పే. ముందు గేజ్ మార్చండి లేదా కాలిబ్రేషన్ (సరిచూసి దిద్దడం) చేయించండి.

పక్క నుంచి చదవడం. ముల్లుకు ఎదురుగా నిలబడి చదవండి. పక్క నుంచి చూస్తే ఒక గీత తేడా వస్తుంది.

## 11. గేజ్ దగ్గర అతికించుకునే చీటీ

గేజ్ మార్చిన ప్రతిచోటా నేను లామినేట్ చేసిన చిన్న చీటీ పెట్టి వస్తాను. అందులో ఉండాల్సినవి:

- ☐ ఈ గేజ్ యూనిట్ ఏది, పాత గేజ్ యూనిట్ ఏది
- ☐ నడవాల్సిన ప్రెషర్, కొత్త యూనిట్‌లో
- ☐ దాటకూడని ప్రెషర్, కొత్త యూనిట్‌లో, కిందికి రౌండ్ చేసి
- ☐ గేజా, అబ్సల్యూటా
- ☐ లెక్క చేసినవాళ్ల పేరు, సరిచూసినవాళ్ల పేరు, తేదీ

చివరి వరుసలో రెండు పేర్లూ ఒకటే ఉంటే ఆ చీటీ అతికించకండి. షిఫ్టు మారేటప్పుడు వచ్చే మనిషిని పిలిచి, మీరు చేసిన లెక్క చూపించకుండా, ఫోటో మాత్రం ఇచ్చి చేయమనండి. ఇద్దరికీ ఒకే అంకె వస్తే అప్పుడు ఎర్ర గీత గీయండి.